జెర్రిపోతు

సరీసృపం అనగా ప్రాకే ప్రాణి. పాములు, బల్లులు, తాబేళ్లు, మొసళ్లు ఈ వర్గానికి చెందినవే. ఇవి ఊపిరితిత్తులతో శ్వాసిస్తాయి. పొలుసుల చర్మం దేహంలోని తేమను ఆరిపోనీయదు.

జెర్రిపోతునే చూడండి. ఇది శీతల రక్త జీవి గనుక, దేహానికి కావలసిన వేడిని బయటినుండే పొందాలి. అందుకే ఉదయపు ఎండలో పొలం గట్టుపై కదలక పడి ఉంటుంది. అప్పుడే మనుష్యుల కంటబడి, త్రాచని భ్రమించినవారి కర్రకు బలి అవుతుంది. దీనికి పడగ లేదు, విషమూ లేదు. ఎలుకలను తిని రైతు ధాన్యాన్ని కాపాడుతుంది.

జెర్రిపోతులన్నీ మగవేననీ, త్రాచులతో జతకడతాయనీ కొందరు నమ్ముతారు. అది నిజం కాదు. పేరులో 'పోతు' ఉన్నా వీటిలో ఆడవీ ఉన్నాయి. అవి తోలువంటి మెత్తని పెంకు గల గుడ్లు పెడతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జెర్రిపోతును చంపడం నేరం.