పల్లవి తరువాత వచ్చే భాగము చేసే పని

సంఘములో పాటను ఎన్నుకొనేటప్పుడు మనము సాధారణముగా పల్లవినే చూస్తాము. ప్రజలకు జ్ఞాపకముండేది అదే. అయితే పల్లవి ముగిసిన వెంటనే ఏమి వస్తుందో దానిని బట్టి, తిరిగి వచ్చే పల్లవిని సంఘము ఏ భావముతో పాడుతుందో నిర్ణయమవుతుంది. ఈ విషయమును క్లుప్తముగా పరిశీలిద్దాము.

1. నేటి పాటలలో

నేటి ఇంగ్లీషు పాటలలో కోరస్ తరువాత మూడు విధములైన భాగములు రావచ్చు. మొదటిది మరొక చరణము. ఇది కథను లేదా ఆలోచనను ముందుకు నడిపిస్తుంది. రెండవది పోస్ట్-కోరస్. ఇది చిన్నది, తరచుగా కోరస్ స్వరములనే ఆధారము చేసుకొని, ఒక మాటనో చిన్న వరుసనో మరల మరల పలికి ఆ ఉత్సాహమును నిలుపుతుంది. మూడవది బ్రిడ్జి. ఇది ఎక్కువగా రెండవ కోరస్ తరువాత వచ్చి, రాగమును, భావమును మార్చి, చివరి కోరస్‌కు కొత్త బలమిస్తుంది. మాట్ రెడ్‌మన్ పాట ‘టెన్ థౌజండ్ రీజన్స్’ (2011) కోరస్‌తోనే మొదలై, బ్రిడ్జి లేకుండా మూడు చరణములతో సాగుతుంది. హిల్‌సాంగ్ యునైటెడ్ వారి ‘ఓషన్స్’ (2013) లోనైతే బ్రిడ్జియే అనేకసార్లు పాడబడి పాటకు కేంద్రమవుతుంది.

2. 107వ కీర్తనలో

ఈ కీర్తనలో ఒకే పల్లవి 8, 15, 21, 31 వచనములలో వస్తుంది. ఎడారిలో త్రోవ తప్పినవారు, చెరలోనివారు, రోగులు, సముద్ర ప్రయాణికులు అను నాలుగు గుంపులు వరుసగా ఆ పల్లవికి చేరుకుంటారు. పల్లవి వెంటనే ఉన్న వచనములను గమనించండి. 9, 16 వచనములు స్తుతికి కారణము చెబుతాయి. 22, 32 వచనములు కృతజ్ఞతార్పణకు, సమాజములో దేవుని ఘనపరచుటకు పిలుస్తాయి. అనగా పల్లవి తరువాతి భాగమునకు ఇక్కడ రెండు పనులున్నాయి: ఎందుకు స్తుతించాలో చెప్పుట, ఎలా స్పందించాలో చూపుట.

3. మన కీర్తనలలో

పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారి కాలము నుండి తెలుగు క్రైస్తవులకు పల్లవి, అనుపల్లవి, చరణముల పద్ధతి పరిచయమే. అనుపల్లవి పల్లవి భావమును విస్తరింపజేస్తుంది. చరణము చివరి మాట తరచుగా పల్లవి మొదటి మాటతో కలిసి ఒకే వాక్యమవుతుంది. కనుక ప్రతి చరణము తరువాత పల్లవి మాటలు అవే అయినా అర్థము పెరుగుతుంది.

4. సేవకునికి సంబంధించిన సంగతి

సమయము చాలనప్పుడు మనము పల్లవిని కాక చరణములనే తగ్గిస్తాము. పాపము, సిలువ, పునరుత్థానము వరుసగా ఉన్న పాటలో మొదటి చరణముతో ఆపితే సంఘము సగము సువార్తనే పాడి కూర్చుంటుంది. బోధ ఎక్కువగా చరణములలోనే ఉంటుంది.

ఆవృత్తి దానంతట అది దోషము కాదు. 136వ కీర్తనలో 26 వచనములకూ ఒకే పల్లవి ఉన్నది. కాని దాదాపు ప్రతిసారీ దానికి ముందు దేవుని గుణమో కార్యమో కొత్తగా ప్రస్తావించబడుతుంది. బ్రిడ్జిని పదిసార్లు పాడించే నాయకుడు కూడా ఆ మాటలు సంఘముచేత ఏ ఒప్పుకోలు, ఏ తీర్మానము చేయిస్తున్నాయో ముందుగా ఆలోచించాలి.

కాబట్టి శనివారము రాత్రి పాటలు సిద్ధపరచేటప్పుడు, పల్లవి తరువాతి మాటలను వాద్యములు లేకుండా ఒకసారి బిగ్గరగా చదవండి. అందులో కారణమో స్పందనో కనబడితే ఆ భాగమును విడువకండి. అవసరమైతే ఒక పాట తగ్గించి, మిగిలినవాటిని పూర్తిగా పాడించండి.