ఉద్దానం దారుల్లో వెనక షాకులు

పలాస జీడిగింజలైనా, కవిటి కొబ్బరికాయలైనా లారీ ఎక్కేముందు తోటల ఇసుక దారుల్లో తరచూ మోటారు సైకిలే ఎక్కుతాయి. ఆ బరువుకు బండి వెనక కుంగి, టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంటే వెనక షాకులకు లావు తీగ స్ప్రింగులు వేయించేస్తారు. ఏళ్ల తర్వాత అలాంటి పాత బుల్లెట్ మోటారు సైకిల్‌ను ముచ్చటపడి బాగు చేయించుకునేవారు ముందుగా విప్పించాల్సింది వాటినే.

బుల్లెట్‌కు పుట్టుకతో వెనక షాకులు లేవు. 1932లో ఇంగ్లండ్‌లోని రెడ్డిచ్‌లో తయారైనప్పుడు వెనక చక్రం ఫ్రేముకే బిగించి ఉండేది. గుంత తగిలితే సీటు కింది స్ప్రింగులే దిక్కు. 1948 నమూనాలకు వెనక చక్రాన్ని పైకీ కిందికీ ఊగనిచ్చే స్వింగ్ ఆర్మ్, ఇరువైపులా ఆయిల్ షాకులు వచ్చాయి. వెనక చక్రం ఊగితే బురదలో పట్టు పోతుందని అప్పట్లో చాలామంది పోటీదారుల నమ్మకం. అయినా అదే ఏడాది ఇటలీలో జరిగిన అంతర్జాతీయ ఆరు రోజుల పోటీలో ఆ బుల్లెట్లు బంగారు పతకాలు సాధించాయి. 1955లో మద్రాస్ మోటార్స్ భాగస్వామ్యంతో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడ్డాక, తిరువొత్తియూరు నుంచి ఆ అమరికే మన రోడ్లకెక్కింది.

ఈ అమరికలో స్ప్రింగు ఒక్కటే పనిచేయదు. అది గుంత దెబ్బను దాచుకుని వెంటనే తిరిగి ఇచ్చేస్తుంది. షాకు లోపల సన్నని రంధ్రాల్లోంచి దూరే ఆయిల్ ఆ శక్తిని వేడిగా మార్చి ఊపును అణుస్తుంది. మిగతా కొలతలు మారకుండా తీగ మందం 10 శాతం పెరిగినా స్ప్రింగు గట్టిదనం దాదాపు 46 శాతం పెరుగుతుంది. చుట్లు కోసి పొట్టి చేసినా గట్టిపడుతుంది. ఆయిల్ దారులు మాత్రం పాత స్ప్రింగుకు లెక్కగట్టినవే. అందుకే బస్తాలు దించి ఖాళీగా వస్తుంటే బండి ఎగిరెగిరి పడుతుంది. గాల్లోకి లేచిన టైరుకు ఎంత బ్రేకు వేసినా బండి ఆగదు.

కాబట్టి కంపెనీ కొలత స్ప్రింగుతోపాటు కంపెనీ పొడవు షాకే కావాలి, స్వింగ్ ఆర్మ్ బుష్‌లు అరిగితే అవీ మార్చాలి. వజ్రపుకొత్తూరు తీరం లాంటి చోట ఉప్పుగాలిని మరవకూడదు. షాకు రాడ్డు మీద తుప్పు గుంట పడితే అది ఆయిల్ సీలును కోసేస్తుంది. రాడ్డు గరుకుగా ఉండగా కొత్త సీలు వేసినా ఆయిల్ మళ్లీ కారుతుంది.

మరి బరువు మోసేదెలా? చాలా బండ్లలో షాకుకు మెట్ల రింగు ఉంటుంది. దాన్ని తిప్పితే స్ప్రింగు గట్టిదనం మారదు; ముందే కొంత నొక్కుకుని ఉండటంతో బండి అంతగా కుంగదు. టెక్కలిలో సరుకు దించాక రింగును మళ్లీ కింది మెట్టుకు తేవాలి, రెండు వైపులా ఒకే మెట్టులో ఉండేలా.