తొందరలో తప్పిపోవు ధర్మము

(ఉపన్యాసమునకు అక్షర రూపము)



ధర్మమును గూర్చి వినుట వేరు, ధర్మమును ఆచరించుట వేరు అని పెద్దలు చెప్పగా మనము చిన్ననాటి నుండి వినుచున్నాము. విన్నవారము మనమే, తల యూపినవారము మనమే, గడప దాటగానే మరచినవారమును మనమే. అయితే ఈ మాట ఎంతవరకు నిజము? విన్నదానికిని చేయుదానికిని నడుమ అడ్డుపడునది ఏది? దీనిని పరీక్షించి, లెక్కవేసి చూచినవారు ఎవరైన ఉన్నారా? ఉన్నారు. అమెరికా దేశమున ప్రిన్స్‌టన్ అను పట్టణములో, మత బోధకులు కాదలచిన విద్యార్థుల నడుమనే, 1970వ సంవత్సరము డిసెంబరు నెలలో ఇట్టి పరీక్ష యొకటి జరిగినది. నేటి ప్రసంగమున దానిని సావకాశముగా చెప్పుకొందము.

పరదేశపు విశ్వవిద్యాలయములో జరిగిన పరిశోధనకు దేవాలయములో ఏమి పని అని కొందరికి సందేహము కలుగవచ్చును. మనస్సును గూర్చిన విచారణ ఎక్కడ జరిగినను అది మనకు పరాయిది కాదు. పతంజలి మహర్షి చిత్తవృత్తులను గూర్చి సూత్రములు రచించినాడు. అది లోనికి చూచి తెలిసికొను మార్గము. 1879లో జర్మనీ దేశపు లైప్జిగ్ విశ్వవిద్యాలయమున విల్‌హెల్మ్ వుంట్ అను పండితుడు మనస్తత్వ శాస్త్రమునకు ప్రయోగశాలను నెలకొల్పినాడు. అది బయట నుండి కొలిచి తెలిసికొను మార్గము. మనిషి తన్ను గూర్చి తాను ఏమి చెప్పుకొనునో అది కాక, సమయము వచ్చినప్పుడు ఏమి చేయునో దానిని చూచుట ఈ రెండవ మార్గమునకు ప్రాణము.

పరీక్షకు మూలమైన కథ

క్రైస్తవుల గ్రంథమైన బైబిలులో, లూకా సువార్తయందు ఏసుక్రీస్తు చెప్పిన కథ యొకటి కలదు. ఒక మనుష్యుడు యెరూషలేము నుండి యెరికో పట్టణమునకు పోవుచు దొంగల చేత చిక్కినాడు. వారు వానిని దోచుకొని, కొట్టి, కొన ప్రాణముతో త్రోవలో విడిచి పోయినారు. ఆ త్రోవనే ఒక యాజకుడు వచ్చి, చూచి, ప్రక్కగా పోయినాడు. దేవాలయ సేవకు చెందిన లేవీయుడొకడు వచ్చి, వాడును చూచి పోయినాడు. పిదప సమరయ దేశస్థుడు వచ్చినాడు. యూదులు సమరయులను తక్కువ చూపు చూచెడివారు. అయినను ఆ సమరయుడే ఆగి, గాయములకు నూనెయు ద్రాక్షారసమును పోసి కట్లు కట్టి, తన వాహనముపై ఎక్కించి, పూటకూళ్ళ యింటికి చేర్చి, ఖర్చులకు ధనము కూడ ఇచ్చి పోయినాడు.

మత గ్రంథములు చదివినవారు ఆగలేదు. చదువని వాడు, కులము తక్కువయని అందరు అనుకొన్నవాడు ఆగినాడు. ఈ భేదమునకు కారణమేమి? ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన జాన్ డార్లీ, డానియల్ బాట్సన్ అను పరిశోధకులు ఈ ప్రశ్ననే పట్టుకొన్నారు. యాజకునికి దయ లేకపోయినదా, లేక వానికి తీరిక లేకపోయినదా?

పరీక్ష జరిగిన తీరు

ప్రిన్స్‌టన్ మత శాస్త్ర విద్యాలయమున చదువుకొను విద్యార్థులను వారు ఇందుకు పిలిచినారు. మొదట ఆ విద్యార్థుల భక్తి ఎట్టిదో తెలిసికొనుటకు ప్రశ్నలు అడిగినారు. భక్తి లోకములో ఏదేని ప్రయోజనము కొరకా, భక్తి కొరకే భక్తియా, లేక సత్యమును వెదకు ప్రయత్నమా అని ఆ ప్రశ్నల సారము.

పిదప ఒక్కొక్కరిని పిలిచి, ప్రక్క భవనములో మీరు చిన్న ప్రసంగము చేయవలెను, అది రికార్డు చేయబడును అని చెప్పినారు. సగము మందికి ఇచ్చిన విషయము, మత విద్యార్థులకు ఏ ఉద్యోగములు తగును అనునది. తక్కిన సగము మందికి ఇచ్చిన విషయము మనము ఇప్పుడు చెప్పుకొన్న సమరయుని కథయే.

బయలుదేరునప్పుడు కొందరితో, వారు సిద్ధము కావలెనన్న ఇంకను కొన్ని నిమిషములు పట్టును, అయినను మెల్లగా పొండు అన్నారు. మరికొందరితో, అక్కడ అంతయు సిద్ధముగా ఉన్నది, వెంటనే పొండు అన్నారు. ఇంక కొందరితో మాత్రము గడియారము చూచుచు, అయ్యో, మీకు ఆలస్యమైనది, మీ కొరకు కొన్ని నిమిషముల నుండి ఎదురు చూచుచున్నారు, త్వరపడుడు అన్నారు.

రెండు భవనముల నడుమ ఒక సందు. ఆ సందులో ఒక ద్వారము వద్ద ఒక మనిషి కూలబడి, తల వాల్చి, కన్నులు మూసికొని ఉన్నాడు. విద్యార్థి దగ్గరకు రాగానే దగ్గి, మూలిగినాడు. ఆ మనిషి పరిశోధకులు ఏర్పాటు చేసిన నటుడు. విద్యార్థికి ఆ సంగతి తెలియదు. అసలు పరీక్ష ప్రసంగములో లేదు, ఆ సందులోనే ఉన్నది.

విద్యార్థి చేసిన దానిని ఆరు మెట్లుగా లెక్కించినారు. గమనింపకయే పోవుట అన్నిటికంటె క్రింది మెట్టు. చూచియు ఊరకుండుట దాని పైది. తాను ఆగకున్నను ముందున్న వారికి తెలియజేయుట ఆపైది. ఆగి, ఏమైనదని అడుగుట, లోపలికి తీసికొనిపోవుట, విడువక వెంట ఉండుట, ఇవి వరుసగా పై మెట్లు.

ఫలితము

మొత్తము 40 మందిలో ఏదో ఒక విధముగ సహాయము చేయబూనినవారు 16 మంది. తీరికగా బయలుదేరిన 8 మందిలో 5 గురు, అనగా నూటికి 63 మంది. మధ్య రకపు 22 మందిలో 10 మంది, నూటికి 45 మంది. తొందరపెట్టి పంపిన 10 మందిలో ఒక్కడే ఒక్కడు.

భక్తి ఎట్టిదను దానికిని, ఆగుటకును సంబంధము కనబడలేదు. సమరయుని కథ చెప్పబోవుచున్న వారిలో నూటికి 53 మంది, ఉద్యోగముల మాట చెప్పబోవుచున్న వారిలో 29 మంది సహాయపడినారు. ఈ భేదము కొంత ఉన్నట్లు తోచినను, ఇంత కొద్దిమందిలో అది యాదృచ్ఛికముగా కూడ కలుగవచ్చునని పరిశోధకులు దానిని నమ్మకముగా ఎంచలేదు. తొందర తెచ్చిన భేదము మాత్రము స్పష్టముగా నిలిచినది. 1973లో ఈ ఫలితములు అచ్చైనవి. దయను గూర్చి ఉపన్యసింప బోవుచున్న వారిలో కొందరు త్రోవలో పడియున్న మనిషిని దాటుకొని పోయిరని అందు వ్రాసినారు.

ఆలోచింపుడు. ఆ విద్యార్థి మనస్సులో ఆ క్షణమున సమరయుని కథయే తిరుగుచున్నది. ఏ మాట చెప్పవలెను, ఎట్లు ఆరంభింపవలెను అని కూర్చుకొనుచున్నాడు. ఆ కథ కాళ్ళ ముందరనే పడియున్నది. కథ కొరకు కథను దాటిపోయినాడు.

ఎందుకిట్లు జరిగినది?

వీరిని కఠినాత్ములని తీర్పు చెప్పుట సులభము. పరిశోధకులు ఆ తీర్పు చెప్పలేదు. తొందరలో ఉన్నవాని చూపు సన్నగిల్లును. ఒక మనిషి కూలబడి ఉన్నాడను రూపము కంటికి తోచును గాని, వీడు బాధలో ఉన్నాడు, నేను ఆగవలెను అను అర్థము బుద్ధికి అందదు. మరికొందరికి అర్థము అందినది. కాని అటు తమ కొరకు వేచియున్నవాడు, ఇటు పడియున్నవాడు, ఇద్దరి నడుమ వారు నలిగినారు. అది దయ లేమి కాదు, రెండు కర్తవ్యముల పెనగులాట. ఆ పెనగులాటలో గడియారము చేతనున్నవాడే గెలిచినాడు.

ఇది నలుబది మంది మీద, ఒక్కచోట జరిగిన పరీక్ష. దీనిని బట్టి మానవజాతి కంతకును తీర్పు చెప్పరాదు. అయినను మనలను మనము చూచుకొనుటకు ఈ అద్దము చాలును.

గుంపులో ఉన్నవాని మనస్సు

ఈ డార్లీయే అంతకు ముందు 1968లో బిబ్ లటానే అను పరిశోధకునితో కలిసి మరియొక పరీక్ష చేసినాడు. న్యూయార్కు నగరపు విద్యార్థులను వేరు వేరు గదులలో కూర్చుండబెట్టి, యంత్రము ద్వారా ఒకరితో ఒకరు మాటలాడునట్లు ఏర్పాటు చేసినారు. నడుమ ఒక గొంతు, తనకు మూర్ఛ వచ్చుచున్నదని తడబడుచు సహాయము కోరినది. తాను ఒక్కడే వినుచున్నానని తలచిన వారిలో నూటికి 85 మంది ఆ గొంతు ఆగిపోకముందే లేచి పోయి చెప్పినారు. మరి నలుగురు కూడ వినుచున్నారని తలచిన వారిలో అట్లు చేసినవారు 31 మంది మాత్రమే. ఎవరో ఒకరు చూతురులే అను భావము అందరిలోను కలిగినప్పుడు ఎవరును చూడరు.

అయితే గుంపు ఎప్పుడును రాతిగుండె కలది అనుకొనుటయు పొరపాటే. ఈ పరిశోధనలకు ప్రేరణయైనది 1964లో న్యూయార్కులో జరిగిన ఒక హత్య. 38 మంది చూచుచు ఊరకున్నారని నాటి పత్రిక వ్రాసినది. ఆ మాటలో అతిశయోక్తి చాల ఉన్నదని తరువాతి పరిశీలనలో తేలినది. 2019లో వెలువడిన ఒక పరిశోధనలో ఆమ్‌స్టర్‌డామ్, లాంకాస్టర్, కేప్‌టౌన్ నగరముల వీధులలో కెమెరాలకు చిక్కిన 219 తగవులను పరిశీలించినారు. పదింట తొమ్మిదింటిలో ఎవరో ఒకరైనను అడ్డుపడి ఆపుటకు యత్నించినారు. మనుష్యునిలో దయ ఎండిపోలేదు. దానికి త్రోవ దొరకవలెను, అంతే.

మనకు సంబంధించిన మాట

మన భాగవతములో, నవమ స్కంధమున, రంతిదేవుని చరిత్ర కలదు. 48 దినములు అన్నపానములు లేక కృశించిన రాజునకు మరునాడు ఆహారము లభించినది. తినబోవు వేళకు అతిథులు ఒకరి వెంట నొకరు వచ్చినారు. వచ్చిన వారికెల్ల పెట్టినాడు. చివరకు మిగిలిన గ్రుక్కెడు నీరు త్రాగబోవుచుండగా, లోకము అంటరానివాడన్న ఒకడు దాహమని వచ్చినాడు. ఆ నీటిని కూడ ఇచ్చినాడు. ఆకలిని మించిన తొందర లోకములో ఏమున్నది? ఆ తొందరలోను రంతిదేవుడు ఆగినాడు. రంతిదేవుని కథ వినునప్పుడు మనము అతని త్యాగమునే తలచెదము. త్యాగమునకు ముందు ఒక చిన్న పని ఉన్నది, నోటి దాక వచ్చిన పాత్రను దించి ఎదుటివానిని చూచుట. అది లేనిదే త్యాగము లేదు.

ఈ పరీక్ష ముందుగా వర్తించునది ఉపన్యాసకుడనైన నాకే. చెప్పుటకు సిగ్గగుచున్నది, అయినను చెప్పక తీరదు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఊరిలో ప్రవచనమునకు పోవుచుండగా, బస్సుస్టాండు మెట్ల మీద ఒక ముదుసలి రొమ్ము పట్టుకొని కూర్చుండి యుండెను. చూచితిని. నలుగురు ఉన్నారు, చూచుకొందురులే అనుకొంటిని. సభకు వేళ మించుచున్నది. పోయి ఒక గంట సేపు భూతదయను గూర్చి మాటలాడితిని. సభవారు సంతోషించి శాలువ కప్పినారు. తిరిగి వచ్చుసరికి ఆ మెట్లు ఖాళీగా ఉన్నవి. ఆయన ఎవరో, ఏమైనారో నేటికిని నాకు తెలియదు. ప్రిన్స్‌టన్ విద్యార్థుల సంగతి చదివిన నాడు, ఆ సందులో పోయిన వారిలో నేనును ఒకడనని తెలిసినది.

కావున సోదర సోదరీమణులారా, మనము చేయదగినవి కొన్ని కలవు. మొదటిది, దయ కలవారము కావలెనని సంకల్పించుటతో పాటు, పావుగంట ముందుగా బయలుదేరుట. ఇది చిన్న మాటయని నవ్వకుడు. ఆ పావుగంటయే దయకు మనము విడిచిన చోటు. రెండవది, గుంపులో ఎవరైన పడిపోయినప్పుడు, ఎవరైన సహాయము చేయండి అని గాలిలో కేకవేయక, ఒకరిని చూపి, బాబూ, నీలపు చొక్కా బాబూ, నీవు 108కి ఫోను చేయుము, అమ్మా, నీవు నీళ్ళు తెమ్ము అని పేరు పెట్టినట్లు పని అప్పగించుట. 2005 ఆగస్టు 15న మన ఆంధ్రప్రదేశములో ఆరంభమైన ఈ 108 సేవ అందుకొరకే ఉన్నది. మూడవది, పోలీసుల చిక్కు వచ్చునను భయము విడుచుట. రోడ్డు ప్రమాదమున గాయపడిన వానికి సాయపడినవారిని వేధింపరాదని 2016లో సుప్రీంకోర్టు కట్టడి చేసినది. 2019లో మోటారు వాహనముల చట్టమున చేసిన సవరణ కూడ అట్టివారికి రక్షణ కల్పించినది. ఆ చట్టపు భాషలో అట్టివానికి పెట్టిన పేరు ఏమనుకొనుచున్నారు? మంచి సమరయుడు అనియే.

నాలుగవది ఈ దేవాలయమునకు వచ్చు మనందరిది. హారతి వేళ మించుచున్నదని, వైకుంఠ ఏకాదశి నాడు ద్వారము మూయుదురని వరుసలో త్రోసుకొని పోవుచుందుము. ఆ వరుసలో సొమ్మసిల్లిన వృద్ధురాలు, తప్పిపోయి ఏడ్చు బిడ్డ మనకు ఎదురగుదురు. స్వామి గర్భగుడిలో ఉన్నాడని త్వరపడుదుము. ఆ త్వరలో వరుసలోనే ఎదురుపడిన స్వామిని దాటిపోవుచున్నామేమో ఒక్క క్షణము చూచుకొందము. హారతి రేపు కూడ ఉండును. పడిపోయినవారికి చేయి అందింపవలసిన వేళ రేపు ఉండకపోవచ్చును.

ఈ సభ ముగియగానే మీరందరు బస్సులకు, ఇండ్లకు తొందరపడి పోవుదురు. పోవునప్పుడు ఒక్కసారి మెట్ల వైపు చూచి పొండు. నేనును చూచి పోయెదను.

శుభమ్.