అద్దె కారు మీద ఆగిపోయే సొమ్ము

విదేశాల్లో కారు అద్దెకు ఇచ్చే సంస్థలు తాళం చేతికి ఇచ్చే ముందు తీసుకునే డిపాజిట్, ఇల్లు అద్దెకు తీసుకున్నప్పుడు యజమానికి ఇచ్చే అడ్వాన్సు వంటిది కాదు. ఇంటి అడ్వాన్సు యజమాని చేతిలోకి వెళ్తుంది, కారు డిపాజిట్ మాత్రం చాలా సందర్భాల్లో అద్దెదారు క్రెడిట్ కార్డు దాటి బయటకు రాదు. సంస్థ కోరిన మేరకు బ్యాంకు ఆ కార్డు పరిమితిలో కొంత మొత్తాన్ని పక్కకు తీసి, మరో ఖర్చుకు అందకుండా ఆపి ఉంచుతుంది. బ్యాంకులు ప్రీ-ఆథరైజేషన్ అనీ, కౌంటర్లలో పనిచేసేవారు హోల్డ్ లేదా బ్లాక్ అనీ పిలిచే ఈ ఏర్పాటు ప్రకారం, కారు ఇచ్చినట్టే తిరిగి వస్తే సంస్థ ఆ హోల్డును వదిలేస్తుంది. సొట్టతోనో, తక్కువ ఇంధనంతోనో వస్తే తనకు రావలసినదాన్ని అందులోంచి వసూలు చేసుకుని మిగిలినదాన్ని విడిచిపెడుతుంది. డిపాజిట్ తగాదాలు చాలావరకు ఒకే ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగుతాయి: ఆ సొట్ట అద్దెకు ముందే ఉందా, తర్వాత పడిందా అన్నది ఎవరు చూపగలరు? సంతకం పెట్టిన కాగితం సంస్థ దగ్గర ఉంటుంది, కార్డు వివరాలూ దాని దగ్గరే ఉంటాయి. అద్దెదారు దగ్గర ఏముంటుందన్నది, కారు తీసుకున్న మొదటి పావుగంటలో అతడు ఏం చేశాడన్నదాని మీద ఆధారపడుతుంది.

హోల్డు మొత్తం దేశాన్నీ, సంస్థనూ, కారు తరగతినీ బట్టి మారినా, ఐరోపాలో అది సాధారణంగా ఎక్సెస్ అనే అంకెతో ముడిపడి ఉంటుంది. అక్కడి అద్దె ధరల్లో చాలావరకు కొలిజన్ డ్యామేజ్ వేవర్, క్లుప్తంగా సీడీడబ్ల్యూ, కలిసే వస్తుంది. దీన్ని బీమా అనడం వాడుకలో ఉన్నా, ఖచ్చితంగా చెప్పాలంటే ఇది సంస్థ ఇచ్చే మినహాయింపు. కారుకు ఎంత నష్టం జరిగినా ఒక హద్దు దాటి అద్దెదారును అడగబోమని సంస్థ ఒప్పుకుంటుంది, ఆ హద్దు వరకు మాత్రం అద్దెదారే భరించాలి. ఆ హద్దు పేరే ఎక్సెస్. చిన్న కార్లకు సైతం అది వెయ్యి నుంచి రెండు వేల యూరోల దాకా ఉండడం మామూలే కనుక, యూరోకు నూరు రూపాయల చొప్పున వేసుకున్నా లక్ష నుంచి రెండు లక్షల రూపాయల కార్డు పరిమితి ప్రయాణం పొడవునా చేతికి అందకుండా పోతుంది. హోటలు బిల్లులూ అదే కార్డుతో కట్టాలనుకుని బయల్దేరిన కుటుంబానికి ఈ సంగతి విమానాశ్రయం కౌంటరులో తెలిస్తే, అక్కడే అమ్మకానికి సిద్ధంగా ఉన్న అదనపు రక్షణను అడిగిన ధరకు కొనక తప్పని పరిస్థితి వస్తుంది.

ఆ అదనపు రక్షణ రెండు విధాలుగా దొరుకుతుంది, రెండింటి తేడా తెలియకపోవడమే చాలామంది నిరాశకు మూలం. అద్దె సంస్థ స్వయంగా సూపర్ సీడీడబ్ల్యూ, ఫుల్ కవర్ వంటి పేర్లతో అమ్మేది ఎక్సెస్‌ను సున్నాకో, సున్నా దరిదాపులకో దించుతుంది, దాంతోపాటు హోల్డు కూడా తరచు కొన్ని వందల యూరోలకు తగ్గిపోతుంది. కారును బుక్ చేసిపెట్టిన మధ్యవర్తి వెబ్‌సైటుగాని, వేరే బీమా కంపెనీగాని అమ్మేది ధరలో చవక, కాని అది రీయింబర్స్‌మెంటు పద్ధతిలో పనిచేస్తుంది. అంటే అద్దె సంస్థకు ఆ పాలసీతో ఏ సంబంధమూ ఉండదు కాబట్టి పూర్తి హోల్డు పెడుతుంది, నష్టం జరిగితే కార్డు నుంచే రాబట్టుకుంటుంది, ఆ తర్వాత ఒప్పందం, నష్టం నివేదిక, చెల్లింపు రసీదు జతచేసి బీమా కంపెనీ నుంచి ఆ సొమ్ము తిరిగి తెచ్చుకోవలసిన భారం అద్దెదారు మీద పడుతుంది. ఫుల్ కవరేజి ముందే కొన్నామని కౌంటరులో వాదించి ప్రయోజనం లేదు. కార్డు పరిమితి ధారాళంగా ఉండి, కాగితాలు భద్రపరిచే ఓపిక కూడా ఉన్నవారికి రెండోదే లాభం. ఒకే కార్డుతో, పసిపిల్లలతోనో వృద్ధులతోనో తిరిగేవారు ఎక్కువ ధర పెట్టి మొదటిదాన్ని తీసుకుంటే దాన్ని దుబారా అనలేము.

మినహాయింపులకూ మినహాయింపులుంటాయి. టైర్లు, అద్దాలు, కారు అడుగుభాగం, పైకప్పు, పోగొట్టుకున్న తాళం, పెట్రోలు బండిలో పొరపాటున పోయించిన డీజిలు మామూలు సీడీడబ్ల్యూ పరిధిలోకి సాధారణంగా రావు. ఐస్‌లాండ్‌లో ఈ జాబితా మరీ పొడవు. అక్కడ కంకర రోడ్లు ఎక్కువ కనుక ఎగిరిపడే రాళ్లకు గ్రావెల్ ప్రొటెక్షన్ పేరుతో, గాలికి లేచే ఇసుకా అగ్నిపర్వతపు బూడిదా కారు రంగును గీకివేస్తాయి కనుక దానికి మరో పేరుతో వేర్వేరు రక్షణలు అమ్ముతారు. ఈదురుగాలికి తెరిచిన తలుపు విరుచుకుపోయినా, వాగు దాటుతుండగా ఇంజన్లోకి నీరు చేరినా ఆ నష్టాన్ని సాధారణంగా ఏ పథకమూ భరించదు. లైసెన్సు విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఇటలీ వంటి దేశాల్లో భారతీయ లైసెన్సుతోపాటు ప్రాంతీయ రవాణా కార్యాలయం ఏడాది కాలానికి ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా ఉండాలి. అది అడగకుండానే కౌంటరులో కారు ఇచ్చినా, ప్రమాదం జరిగాక ఆ లోపాన్ని చూపి మినహాయింపు వర్తించదనే అవకాశం సంస్థకు మిగిలే ఉంటుంది.

కార్డు ఎంపికలోనే సగం డిపాజిట్ భద్రత ఉందని చెప్పవచ్చు. ప్రయాణికులు విదేశీ మారకం నింపుకుని వెళ్లే ఫారెక్స్ కార్డును ఖర్చులకు తీసుకున్నా డిపాజిట్‌కు చాలా సంస్థలు ఒప్పుకోవు. డెబిట్ కార్డును ఒప్పుకునే చోట సొమ్ము నిజంగానే ఖాతాలోంచి పోయి, తర్వాత రిఫండుగా తిరిగి వస్తుంది. వెళ్లిన రోజు మారకపు రేటు, వచ్చిన రోజు రేటు వేరుగా ఉండడం వల్లా, బ్యాంకు మార్కప్ రుసుం వల్లా, ఏ వివాదమూ లేకుండానే కొంత సొమ్ము కరిగిపోతుంది. క్రెడిట్ కార్డు మీద కూడా కొన్ని చిన్న సంస్థలు హోల్డుకు బదులు నేరుగా చార్జి చేసి తర్వాత వెనక్కి పంపుతాయి, కాబట్టి కార్డు గీకే ముందే అది ఏ రకమో అడగాలి. యంత్రం తెర మీద రూపాయల్లోనా, యూరోల్లోనా అన్న ప్రశ్న వచ్చినప్పుడు రూపాయలు చూసి మొగ్గితే, అక్కడే మారకపు రేటులో అదనపు వడ్డన పడుతుంది. స్థానిక కరెన్సీని ఎంచుకోవడమే మంచిది. కార్డు ప్రధాన డ్రైవరు పేరు మీదే ఉండాలన్న నిబంధన దాదాపు అన్నిచోట్లా ఉంది, తెలుగువారి పేర్లతో ఇది చిన్న చిక్కు తెచ్చిపెట్టగలదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, కార్డు మీద ఒక్క పొడి అక్షరంగా ఉంటే, ఈ పేర్ల పద్ధతి తెలియని ఉద్యోగికి రెండూ ఒకే మనిషివని నచ్చజెప్పవలసి రావచ్చు.

ఇక ఆ మొదటి పావుగంట. సంస్థ ఇచ్చే తనిఖీ పత్రం మీద కారు బొమ్మ గీతల్లో ఉంటుంది, ఇప్పటికే ఉన్న దెబ్బలను దాని మీద చిన్న గుర్తులతో చూపుతారు. కొన్నిచోట్ల ఈ పత్రం కాగితంపై కాక ట్యాబ్లెట్ తెర మీద కనిపిస్తుంది. పత్రంలో లేని ప్రతి గీతా లెక్క ప్రకారం అద్దెదారు ఖాతాలోకే వస్తుంది. అందువల్ల సంతకానికి ముందు నంబరు ప్లేటు దగ్గర మొదలుపెట్టి కారు చుట్టూ ఆగకుండా ఒక వీడియో తీయడం, ఆ తర్వాత అనుమానమున్న చోట్ల దగ్గరగా ఫొటోలు తీయడం మంచి పద్ధతి. తలుపులూ బానెట్టూ అందరూ చూస్తారు, తగాదాలు వచ్చేది మాత్రం ఎక్కువగా వంగి చూడవలసిన చోట్ల: ఫుట్‌పాత్ అంచుకు ఒరుసుకున్న అల్లాయ్ రిమ్ములు, ముందు బంపరు కింది అంచు, సైడు మిర్రర్ల వెనుక భాగం, సామాను ఎత్తి దించేటప్పుడు గీసుకునే డిక్కీ అంచు, ముందు అద్దం మీద రాయి తగిలి ఏర్పడిన నక్షత్రం వంటి చిన్న పగులు. స్టెప్నీగాని, దాని బదులు ఇచ్చే పంక్చర్ కిట్‌గాని ఉందో లేదో చూసి, ఇంధనం ముల్లూ కిలోమీటర్ల అంకే ఒకే ఫొటోలో పడేలా తీసుకోవాలి. అప్పుడే కడిగిన కారు మీద నీటి తడి సన్నని గీతలను కప్పేస్తుంది, భూగర్భ పార్కింగులో వెలుతురు చాలదు. అలాంటప్పుడు గేటు దాటకముందే కారును వెలుగులోకి తెచ్చి మళ్లీ చూడడం మొహమాటపడవలసిన పని కాదు. కొత్తగా కనిపించినదాన్ని పత్రంలో ఎక్కించమని కోరాలి, కౌంటరులో ఎవరూ ఖాళీగా లేకపోతే ఆ ఫొటోలను సంస్థ ఈమెయిలుకు అక్కడి నుంచే పంపాలి. ఫోనులో ఉన్న ఫొటో ఎప్పటిదో వాదించవచ్చు గాని, కారు కదలకముందే సంస్థ ఇన్‌బాక్సులో చేరిన ఫొటో తేదీని కాదనడం కష్టం.

సంస్థల వైపు కూడా తనిఖీ పదునెక్కింది. 2025లో హెర్ట్జ్ సంస్థ అమెరికాలోని అట్లాంటా విమానాశ్రయంతో మొదలుపెట్టి, కృత్రిమ మేధతో కారును అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసే స్కానర్లను ప్రవేశపెట్టింది. మనిషి కన్ను పట్టించుకోని రూపాయి బిళ్లంత మచ్చను కూడా యంత్రం వదలదు. తీసుకెళ్లేటప్పుడు అంతే శ్రద్ధగా చూడని అద్దెదారుకు ఇది ఇబ్బందే.

తిరిగి అప్పగించేటప్పుడు ఇదంతా మరోసారి చేయాలి, దీనికి తోడు దగ్గరలోని బంకులో ట్యాంకు నింపిన రసీదు దగ్గరుంచుకోవాలి. వేకువజాము విమానం కోసం తాళాన్ని డ్రాప్ బాక్సులో వేసి వెళ్లడం సౌకర్యమే అయినా, చాలా ఒప్పందాల ప్రకారం మరునాడు ఉద్యోగి వచ్చి కారును చూసేదాకా బాధ్యత అద్దెదారుదే, ఆలోగా ఎవరో వచ్చి గుద్దినా లెక్క అతనిదే అవుతుంది. వీలైనంతవరకు కౌంటరు తెరిచి ఉండే వేళకే తిరిగి ఇచ్చి, కొత్త నష్టమేమీ లేదని రాతపూర్వకంగా తీసుకోవడం, ఒక గంట ముందు బయల్దేరవలసి వచ్చినా, మేలు. హోల్డు విడుదలకు కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల దాకా పట్టవచ్చు. సంస్థ అద్దెను విడిగా వసూలు చేసి హోల్డును రద్దు చేయడం మరచిపోతే, దాని గడువు తీరేదాకా, సాధారణంగా ముప్పై రోజుల వరకు, ఆ సొమ్ము అలాగే చిక్కుకుని ఉంటుంది. అటువంటప్పుడు బ్యాంకు కన్నా ముందుగా అడగవలసింది సంస్థనే.

హోల్డు విడుదలైనంత మాత్రాన లెక్క ముగిసినట్టు కాదని ఇటలీకి వెళ్లివచ్చినవారు ఆలస్యంగా తెలుసుకుంటారు. ఫ్లోరెన్స్, పీసా, రోమ్ వంటి నగరాల పాత పేటల్లోకి అనుమతి లేని వాహనాలు రాకుండా జెడ్‌టీఎల్ అనే నియంత్రిత మండలాలున్నాయి. వీటికి గేట్లుండవు, ఎరుపు వలయంలో తెల్లని గుండ్రటి బోర్డు, ఒక కెమెరా మాత్రమే ఉంటాయి. బోర్డు కింద వార్కో ఆత్తివో అని వెలిగితే నిషేధం అమల్లో ఉందని అర్థం, దారి తెరిచి ఉందని కాదు. కెమెరా పట్టిన నంబరు మీద పోలీసులు అద్దె సంస్థను అడిగినప్పుడు, సంస్థ అద్దెదారు చిరునామా ఇచ్చి, ఆ పనికి తన రుసుమును కార్డు నుంచి తీసుకుంటుంది. అసలు జరిమానా ఇంకా మిగిలే ఉంటుంది, విదేశాల్లో నివసించేవారికి దాని నోటీసు పంపడానికి ఇటలీ చట్టం 360 రోజుల గడువు ఇస్తుంది. హోటలు పాత పేటలోనే ఉంటే, కారు నంబరును అనుమతి జాబితాలో చేర్పించే వీలుందేమో హోటలువారినే ముందుగా అడగాలి.

తెలుగువారు విరివిగా వెళ్లే దుబాయ్‌లో డిపాజిట్ ఆలస్యానికి కారణం ఇటువంటిదే. వేగం ఉల్లంఘనలు, సాలిక్ టోల్ లెక్కలు వచ్చేదాకా చూడాలని సంస్థలు రెండు నుంచి నాలుగు వారాలు సొమ్మును ఆపుతాయి. సాలిక్ కమానుల కింద 2025 జనవరి 31 నుంచి రద్దీ వేళల్లో 6 దిర్హాములు, మిగతా వేళల్లో చాలావరకు 4 దిర్హాములు పడుతోంది, దానిపై సంస్థలు తమ సేవా రుసుమూ కలుపుతుంటాయి. అంతకన్నా ముఖ్యమైనది పోలీసు నివేదిక. పార్కింగులో ఎవరో గీసి వెళ్లిన చిన్న గీతకైనా పోలీసు నివేదిక లేకుండా అక్కడ బీమా పనిచేయదు. నివేదిక లేకుండా కారు తిరిగి ఇస్తే ఎక్సెస్‌తో పోదు, మరమ్మతు మొత్తం అద్దెదారు మీదే పడవచ్చు. చిన్న ప్రమాదాలను దుబాయ్ పోలీసు యాప్ ద్వారానే నమోదు చేసుకోవచ్చు కాబట్టి, చిన్నదే కదా అని వదిలేయడానికి కారణం లేదు.

ఇంత చేసినా అన్యాయంగా సొమ్ము పట్టుకుంటే మొదటి మెట్టు సంస్థకు రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపి, తేదీ ఉన్న ఫొటోలు, మరమ్మతు అంచనా లేదా బిల్లు చూపమని కోరడం. ఐరోపా కమిషన్, సభ్యదేశాల వినియోగదారుల సంస్థలతో జరిగిన చర్చల ఫలితంగా 2015లో ఏవిస్, యూరోప్‌కార్, ఎంటర్‌ప్రైజ్, హెర్ట్జ్, సిక్స్‌ట్ సంస్థలు నష్టం లెక్కల్లో పారదర్శకత పెంచుతామనీ, డబ్బు తీసుకునే ముందు అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఇస్తామనీ హామీ ఇచ్చాయి, కాబట్టి ఆ కోరిక గొంతెమ్మ కోరికేమీ కాదు. జర్మనీలోనో, ఐర్లండ్‌లోనో స్థిరపడిన తెలుగువారికి యూరోపియన్ కన్స్యూమర్ సెంటర్ ఉచితంగా సాయపడుతుంది. ఆ సౌకర్యం ఐరోపా సమాఖ్య, నార్వే, ఐస్‌లాండ్ నివాసులకే పరిమితం కనుక హైదరాబాద్ నుంచి వెళ్లిన పర్యాటకుడు తన బ్యాంకునే ఆశ్రయించాలి. చార్జ్‌బ్యాక్ అని పిలిచే ఈ పద్ధతిలో బ్యాంకు, కార్డు నెట్‌వర్కు నిబంధనల ప్రకారం సంస్థను రుజువు అడుగుతుంది. దీనికి గడువు సాధారణంగా 120 రోజులు. భారతదేశంలో ఓటీపీకి అలవాటుపడినవారు ఓటీపీ రాకుండా డబ్బు పోయింది కాబట్టి మోసమని రాస్తే వాదన నిలవదు, ఎందుకంటే తర్వాతి చార్జీలకు ఒప్పందంలోనే సంతకం ఉంటుంది. కారు అప్పగించిన వెంటనే కార్డులో అంతర్జాతీయ వాడకాన్ని ఆపేయమనే సలహా తరచు వినిపిస్తుంది. అది కొత్త చార్జీలను కొంతవరకు అడ్డుకోవచ్చు గాని, ముందే పడిన హోల్డు నుంచి వసూలును ఆపలేదు. బ్యాంకు ముప్పై రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిపోకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు, అయితే ఆయన పరిశీలించేది బ్యాంకు సేవలోని లోపాన్నే. సొట్ట ఎవరు చేశారన్నది ఆయన తేల్చరు.