పావు తరంగపు పెట్టె: ఇంట్లో కట్టుకునే ట్రాన్స్‌మిషన్ లైన్ స్పీకర్

స్పీకర్ కోను ముందుకు కదిలినప్పుడు దాని ముందున్న గాలి ఒత్తుకుంటుంది, వెనకనున్న గాలి అదే క్షణంలో పలచబడుతుంది. అంటే ప్రతి స్పీకరూ ఒకేసారి రెండు ధ్వనులను పుట్టిస్తుంది. రెండింటి బలమూ సమానం, దశ మాత్రం పూర్తిగా వ్యతిరేకం. కోనును పెట్టె లేకుండా వట్టిగా మోగిస్తే, తరంగదైర్ఘ్యం ఎక్కువగా ఉండే మంద్ర ధ్వనుల దగ్గర ఈ రెండూ కోను అంచు చుట్టూ తిరిగి కలుసుకుని ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మృదంగం తొప్పి నాదమూ తంబురా మంద్ర షడ్జమూ వినబడకుండా పోతాయి. అందుకే స్పీకర్ పెట్టెలన్నీ ఒకే ప్రశ్నకు వెదికిన వేర్వేరు జవాబులు: ఈ వెనుక ధ్వనిని ఏం చేయాలి?

మూసిన పెట్టె దాన్ని లోపలే బంధిస్తుంది. రిఫ్లెక్స్ పెట్టె ఒక రంధ్రంలోని గాలిని కంపింపజేసి కొంత భాగాన్ని వాడుకుంటుంది. ట్రాన్స్‌మిషన్ లైన్ మరో దారి పట్టింది. వెనుక ధ్వనిని మడతలు పెట్టిన పొడవాటి గొట్టంలోకి పంపుతుంది. గొట్టంలో నింపిన పీచు పై పౌనఃపున్యాలను దారిలోనే పీల్చుకుంటుంది. మంద్ర ధ్వని మాత్రం చివరి మూతి నుంచి బయటికి వచ్చి కోను ముందు ధ్వనికి తోడవుతుంది. కొయ్యపని ముగిశాక కూడా పీచును తీసి, చేర్చి, జరిపి ఈ పెట్టె స్వభావాన్ని మార్చవచ్చు. ఇంట్లో కట్టుకునేవారికి ఇంతకంటే మంచి పాఠశాల లేదని నేను నమ్మడానికి కారణం ఇదే.

ఆలోచన ఎక్కడిది?

1936లో అమెరికాలోని స్ట్రాంబర్గ్-కార్ల్‌సన్ సంస్థలో పనిచేసిన బెంజమిన్ ఓల్నీ, కోను వెనక మెలికలు తిరిగే గొట్టాన్ని అమర్చే పద్ధతిని ప్రచురించాడు. దానికి ‘అకూస్టిక్ లాబిరింత్’ అని పేరు. ఆ దశకంలోనే పాల్ వోయ్‌ట్ ఇంగ్లండులో పనిచేస్తూ, ఒక కొస సన్నగా మొదలై మూతి వైపు వెడల్పయ్యే పావు తరంగపు గొట్టాన్ని రూపొందించాడు. నేటికీ ఫుల్ రేంజ్ స్పీకర్ అభిమానులు దాన్ని వోయ్‌ట్ పైపు అనే పిలుస్తారు. 1965 అక్టోబరులో బ్రిటన్ పత్రిక ‘వైర్‌లెస్ వరల్డ్’లో ఎ.ఆర్. బెయిలీ, పొడవాటి పీచున్న గొర్రె ఉన్నిని గొట్టమంతా నింపే పద్ధతిని వివరించాడు. ఇంట్లో స్పీకర్లు కట్టుకునే ఎందరో ఆ వ్యాసం చదివే రంపం పట్టారు. 2000 ప్రాంతంలో జార్జ్ ఆగ్స్‌పర్గర్, మార్టిన్ కింగ్‌ల పరిశోధనలు పీచు నింపిన గొట్టానికి లెక్కకు లొంగే నమూనాలను ఇచ్చాయి. అంతవరకు అనుభవం మీద సాగిన పని అప్పటి నుంచి గణితం మీద కూడా నిలబడింది.

గొట్టం లెక్క

ఇంటర్మీడియట్ భౌతికశాస్త్ర ప్రయోగశాలలో శృతిదండాన్ని గాజు గొట్టం మీద పట్టుకుని, నీటి మట్టాన్ని జరుపుతూ అనునాదం కోసం చెవి ఒగ్గినవారికి ఈ సూత్రం కొత్త కాదు. ఒక కొస మూసి, మరో కొస తెరిచిన గొట్టంలో గాలి స్తంభం, తన పొడవు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతైనప్పుడు మొదటిసారి అనునదిస్తుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాలిలో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు. 50 హెర్ట్జ్ దగ్గర అనునదించే గొట్టం కావాలంటే 343ను 50తోనూ, మళ్ళీ 4తోనూ భాగించాలి: దాదాపు 1.72 మీటర్లు. మన వేసవిలో గది 40 డిగ్రీలకు చేరితే వేగం 355కు పెరుగుతుంది, అనునాదం 52 హెర్ట్జ్ దగ్గరికి జరుగుతుంది. అంత తేడా చెవికి అందదు.

50 హెర్ట్జ్ చాలా? ఒకటో శృతిలో పాడే గాయకుడి మధ్యస్థాయి షడ్జం సుమారు 131 హెర్ట్జ్, మంద్ర షడ్జం దానిలో సగం, 65. కర్ణాటక కచేరీ వినడానికి 50 హెర్ట్జ్ నిండైన హద్దు. సినిమా సంగీతంలోని ఎలక్ట్రానిక్ బేస్ ఇంకా కిందికి పోతుంది. దాన్ని చిన్న కోను నుంచి ఆశించకూడదు.

చిక్కు పై అనుస్వరాల దగ్గర మొదలవుతుంది. మూసిన గొట్టం బేసి గుణిజాల దగ్గరే అనునదిస్తుంది: 50, 150, 250 హెర్ట్జ్. పీచు లేని గొట్టంలో ఇవి శిఖరాలుగా లేస్తాయి. 100 హెర్ట్జ్ దగ్గర గొట్టం పొడవు సగం తరంగానికి సమానం కనుక, మూతి ధ్వని కోను ముందు ధ్వనితో ఒకే దశలో కలిసి బలమిస్తుంది. 200 దగ్గర పొడవు పూర్తి తరంగానికి సమానమై, మూతి ధ్వని వ్యతిరేక దశలో బయటపడి లోయ తవ్వుతుంది. పురుష స్వరానికి ఒళ్ళిచ్చే ప్రాంతం సరిగ్గా ఇదే. మనిషి కుండలో తల పెట్టి మాట్లాడినట్లు వినిపిస్తే తప్పు ఇక్కడ ఉందని అర్థం.

దీనికి రెండు మందులున్నాయి. మొదటిది కోనును బిగించే చోటు. మూసిన కొస నుంచి మూడో వంతు దూరంలో 150 హెర్ట్జ్ స్థిర తరంగానికి పీడనం సున్నా. కోను అక్కడుంటే ఆ అనునాదాన్ని రేపలేదు. ఖర్చు లేకుండా ఒక శిఖరం కూలిపోతుంది. 250 దగ్గరి శిఖరం మాత్రం మిగిలే ఉంటుంది. దాన్నీ దాని పైవాటినీ అణచడం పీచు పని.

స్పీకర్ ఎంపిక, కొలతలు

ఫుల్ రేంజ్ స్పీకర్ అంటే మంద్రం నుంచి తారం వరకు ఒకే కోను మోసేది. ధ్వనిని వేర్వేరు కోనులకు పంచే క్రాసోవర్ అక్కరలేదు. గొంతు ఒకే బిందువు నుంచి వస్తుంది. ఫోస్టెక్స్, మార్క్ ఆడియో, లోథర్ వంటి పేర్లు ఈ వర్గంలో ప్రసిద్ధం. కొనేముందు స్పీకర్ గుణాలను అంకెల్లో చెప్పే థీల్-స్మాల్ పరామితుల పట్టిక చూడాలి. స్వేచ్ఛా అనునాద పౌనఃపున్యం గొట్టం శృతికి మరీ పైన ఉంటే మంద్రం రాదు. క్యూ విలువ బాగా తక్కువైన, అంటే చాలా బలమైన అయస్కాంతమున్న స్పీకర్లు హార్న్ పెట్టెలకు నప్పుతాయి గాని ఈ పెట్టెలో పలచగా మోగుతాయి.

నాలుగంగుళాల స్పీకర్ కోను వైశాల్యం సుమారు 50 చదరపు సెంటీమీటర్లు. గొట్టం మూసిన కొస దగ్గర 100, మూతి దగ్గర 50 చదరపు సెంటీమీటర్లు ఉండేలా క్రమంగా సన్నబడితే అనునాదం మరికొంత కిందికి దిగుతుంది. అందువల్ల పొడవును కొద్దిగా తగ్గించుకోవచ్చు. ఎంత తగ్గించాలో ‘హార్న్‌రెస్ప్’ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ముందే చెబుతుంది. తగ్గించకుండా 1.72 మీటర్ల గొట్టాన్నే ఒకసారి మడిస్తే లోపలి ఎత్తు 86 సెంటీమీటర్లు. మూసిన కొస కింద, మడత పైన, మూతి వెనక అడుగున పెట్టుకుంటే స్పీకర్ కింద నుంచి 57 సెంటీమీటర్ల ఎత్తులో వస్తుంది. కుర్చీలో కూర్చునేవారి చెవికి అందేలా పెట్టె కింద పీట వేయాలి. అయస్కాంతం వెనక గాలి కదలడానికి చోటు వదలడం మరవకూడదు. అక్కడ ఇరుకైతే గొట్టం మొదట్లోనే గొంతు నొక్కినట్లవుతుంది.

కొయ్యపని

18 ఎంఎం ప్లైవుడ్ చాలు. కోస్తా తేమలో ఎండీఎఫ్ అంచులు ఉబ్బుతాయి కనుక నీటికి తట్టుకునే ప్లైవుడ్ మేలు. కోతలు షాపులోని పెద్ద రంపం మీద చేయిస్తే మూలలు సరిగ్గా కలుస్తాయి. మధ్య పలక చుట్టూ జిగురు సందు లేకుండా పట్టాలి. అక్కడ గాలి కారితే ధ్వని దగ్గరి దారి పట్టి గొట్టం లెక్కంతా తప్పుతుంది. ఒక పక్క పలకను మాత్రం జిగురు పెట్టకుండా, ఫోమ్ పట్టీ మీద మరలతో బిగించండి. ముందుముందు చేసే సవరణలన్నీ ఆ పలక గుండానే జరుగుతాయి.

పీచు: సగం శాస్త్రం, సగం ఓపిక

బెయిలీ ఉన్ని వాడాడు. మన దగ్గర దిండ్లలో నింపే పాలియెస్టర్ పీచు సులువుగా దొరుకుతుంది, పురుగు పట్టదు, తేమకు ముద్దకట్టదు. లీటరుకు 8 గ్రాములు మంచి ఆరంభం. మూసిన కొస నుంచి గొట్టంలో మూడింట రెండు వంతులు నింపి, మూతి వైపు మిగిలిన వంతు ఖాళీగా వదలాలి. మన ఉదాహరణలో నింపే భాగం దాదాపు 9.6 లీటర్లు, అంటే పీచు 77 గ్రాములు. ఇంత తేలికైన పదార్థం ఇంత మార్పు తెస్తుందని తూకం వేసి చూస్తేగాని నమ్మబుద్ధి కాదు. పీచును వేళ్ళతో బాగా విడదీసి, ఎక్కడా ఉండలు లేకుండా సమంగా పరచాలి.

పీచు లోపల జరిగే భౌతికం అందమైనది. ధ్వని సాగేటప్పుడు గాలి ఉష్ణోగ్రత మారదని భావించి న్యూటన్ కట్టిన వేగం అసలు కంటే తక్కువ వచ్చింది. ఒత్తుకున్న గాలి వేడెక్కుతుందని, ఆ వేడి బయటికి పోయే వ్యవధి లేదని లాప్లాస్ సవరించాడు. పీచు మధ్య మాత్రం గాలి తన వేడిని పోగులకు ఇవ్వగలదు. అందువల్ల ధ్వని న్యూటన్ చెప్పిన సమోష్ణోగ్రతా స్థితి వైపు జరుగుతుంది. పూర్తిగా జరిగితే వేగం 343 నుంచి 290కి తగ్గాలి. ఇంట్లో వాడే పలచని నింపుడులో తగ్గుదల కొద్దిపాటిదే కనుక, పీచును నమ్ముకుని గొట్టాన్ని బాగా కురచ చేయకూడదు. పీచు అసలు పని వేరు: పోగుల మధ్య రాపిడితో ధ్వని శక్తిని వేడిగా మార్చడం. పౌనఃపున్యం పెరిగేకొద్దీ ఈ పీల్చుడు పెరుగుతుంది. పై అనుస్వరాలు అణగిపోయినా 50 హెర్ట్జ్ బతికి బయటపడేది అందుకే.

కొలిచి మార్చడం

చెవి ఒక్కటే చాలదు, నిన్న విన్నదాన్ని అది మరిచిపోతుంది. స్పీకర్‌కు వరుసగా 10 ఓమ్‌ల నిరోధం కలిపి, ఫోను యాప్‌తో ఒక్కొక్క పౌనఃపున్యం మోగిస్తూ, స్పీకర్ మీది వోల్టేజిని నిరోధం మీది వోల్టేజితో భాగించి 10తో గుణిస్తే విద్యుత్ అవరోధం తెలుస్తుంది. చౌక మల్టీమీటర్లు కొన్ని వందల హెర్ట్జ్ వరకే నమ్మదగినవి. మనకు కావలసిన ప్రాంతమూ అంతే. గీసిన గ్రాఫులో రెండు శిఖరాలు, వాటి మధ్య ఒక లోయ కనబడతాయి. ఆ లోయ గొట్టం శృతిని చూపుతుంది. పీచు ఎక్కువైతే శిఖరాలు చదునై కలిసిపోతాయి, మంద్రం సన్నగిల్లుతుంది. తక్కువైతే 150 నుంచి 300 హెర్ట్జ్ మధ్య గ్రాఫు మీద చిన్న ముడతలు మిగులుతాయి. మైకు ఉంటే కోను దగ్గర, మూతి దగ్గర విడివిడిగా కొలవవచ్చు. ఆర్‌ఈడబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ గ్రాఫులు గీస్తుంది. ఒకసారి ఒక్క మార్పే చేయాలి. పది గ్రాములు తీసినా చేర్చినా తేదీ, బరువు, స్థానం రాసుకోవాలి.

ఇంకో సవరణ ముందు పలక వెడల్పుకు సంబంధించినది. పలక కంటే పొడవైన తరంగాలు పెట్టె చుట్టూ వెనక్కి పారిపోతాయి, పొట్టివి ముందుకే వస్తాయి. అందుకే మధ్య, తార స్థాయులు మంద్రం కంటే 6 డెసిబెళ్ళ వరకు ఎక్కువగా వినిపిస్తాయి. మార్పు జరిగే చోటు హెర్ట్జ్‌లలో తెలియాలంటే 115ను మీటర్లలో పలక వెడల్పుతో భాగించాలి. 17 సెంటీమీటర్ల పలకకు అది సుమారు 680. 8 ఓమ్‌ల స్పీకర్‌కు వరుసగా 1.5 మిల్లీహెన్రీ కాయిల్, దానికి సమాంతరంగా 4.7 ఓమ్‌ల నిరోధం పెడితే పై స్థాయులు దాదాపు 4 డెసిబెళ్ళు తగ్గి సమతూకం వస్తుంది. పెట్టె గోడకు దగ్గరగా ఉంటే గోడే మంద్రానికి బలమిస్తుంది కనుక చిన్న నిరోధం చాలు.

ఈ పెట్టెకు హద్దులు లేకపోలేదు. గొట్టం శృతికి కిందనున్న ధ్వనుల్లో కోను పట్టు తప్పి ఊగుతుంది కనుక వాల్యూమ్ అదుపులో ఉంచాలి. పరిమాణంలో ఇది మూసిన పెట్టె కంటే పెద్దది, పనిలో కష్టమైనది. ఆ కష్టానికి ఫలితం మంచి సంగీతం ఒక్కటే అయితే బజారులో కొనుక్కోవచ్చు. కాని స్థిర తరంగం, అనుస్వరం, దశ, అవరోధం, న్యూటన్-లాప్లాస్ వాదం, ఇవన్నీ పరీక్ష రాసి మరిచిపోయే మాటలుగా మిగిలిపోతున్న కాలంలో, వాటిని చేత్తో ముట్టుకుని చెవితో సరిచూసుకునే అవకాశం 77 గ్రాముల పీచు ఇస్తోంది. మన జూనియర్ కళాశాలలు, ఇంజనీరింగ్ కళాశాలలు విద్యార్థులతో ఏటా ఇలాంటి పెట్టెల జత ఒకటి కట్టించాలి. వారు రాసుకున్న కొలతలను తరువాతి ఏడాది విద్యార్థులు అందుకుని, ఆ పక్క పలక మరలు విప్పి, తమ మార్పులు చేసి సరిచూడాలి.