వీడియో ఆటల యంగడికి ఇంకను పోవలెనా?

"పిల్లల కాటలన్నియు చేతిలోని ఫోనులోనికే వచ్చుచుండగా, వాని కొఱకు బజారున కేగి, అంగడి మెట్లెక్కి, బేరమాడి, పెట్టెను చంకబెట్టుకొని వచ్చుట యెందులకు?" అని మన యిండ్లలో మగవారును, పిల్లలును గూడ నడుగుచుందురు. ఈ ప్రశ్న చూచుటకు చిన్నదియే. కాని యింటి వ్యయమును చేతబట్టి, బిడ్డల నడవడిని కనిపెట్టి యుండవలసిన స్త్రీలకు చిన్నది కాదు. బియ్యము, పప్పు, చీరెలు, మందులు కొనునపుడు మనము పదిమాఱులు విచారింతుము. బిడ్డ మనస్సులోనికి దినమునకు రెండుగంటలు ప్రవేశించు వస్తువును మాత్రము చూడకయే యింటికి రానిత్తుము. కావున నీ విషయమును గూర్చి మాకు దెలిసినంతవఱకు, మా యనుభవముతో గూడ, సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

ఆట యనునది మనకు క్రొత్త గాదు. మన పెద్దలు వామనగుంటలు, అష్టాచెమ్మ, పులిజూదము, వైకుంఠపాళి ఆడినవారే. కోటప్పకొండ తిరునాళ్ళకు పోయి బొమ్మ కొనిపించుకొనక తిరిగివచ్చిన బిడ్డ యీ సీమలో నుండదు. వీడియో యాటలును ఆ వంశమునకు జెందినవే యనుటకు నొక నిదర్శనము కలదు. నేడు లోకమంతట పేరు మ్రోగుచున్న నింటెండో సంస్థ 1889వ సంవత్సరమున జపాను దేశమందలి క్యోటో నగరములో, చేతితో జేసిన పేకముక్కల నమ్ముటకు బుట్టినది. ఆ సంస్థయే 1983లో ఫామికామ్ అను ఇంటి యాట యంత్రమును వెలువరించెను. దాని పోలికను జేయబడిన చౌక యంత్రములు 1990 తరువాతి సంవత్సరములలో మన పట్టణములకు వచ్చినవి. క్యాసెట్టు దూర్చి, టీవీకి తగిలించి యాడిన మారియో, కాంట్రా మొదలగువానిని నేటి తల్లులలో పలువురు మఱచియుండరు. యంత్రము కొనలేని వారికి గంటకింత యని పుచ్చుకొను పార్లరు లుండెడివి. అచ్చటికి మగపిల్లలు పోయెడివారు. ఆడపిల్లలు గుమ్మము బయట నిలిచి తొంగిచూచుటయే. ఆ కాలమున అంగడి లేక ఆట లేదు.

నేడా స్థితి మాఱినది. ఆట తనంతట తానే యింటికి వచ్చుచున్నది; అంగడులు మూతపడుచున్నవి. అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున డల్లాసు చుట్టుపట్ల మనవారి కుటుంబములు వేలకొలది కలవు. ఆ చెంతనే గ్రేప్‌వైన్ అను నూరిలో ప్రధాన కార్యాలయము గల గేమ్‌స్టాప్ సంస్థ యొకప్పుడు ఏడువేలకు మించిన దుకాణములను నడపినది. 2024వ ఆర్థిక సంవత్సరమున నొక్క అమెరికాలోనే 590 దుకాణములను మూసినది. 2021 జనవరిలో దాని వాటాల ధర యాకసమున కెగసినను, అది వాటాల బేరగాండ్ర వలననే గాని అంగడికి వచ్చిన వారివలన గాదు. ఇంగ్లండులో గేమ్ అను సంస్థ 2012లో దివాలా స్థితికి వచ్చి, పెక్కు కొట్లను మూసి, 2019లో మఱియొకరి చేతిలోనికి పోయినది. 2024లో పాత యాటలను పుచ్చుకొని మార్పిడి చేయు పద్ధతినే మానుకొన్నది.

మన వైపున నీ ఆటలకే ప్రత్యేకించిన గొప్ప దుకాణము లెన్నడును మెండుగా లేవు. సికింద్రాబాదున చెనాయ్ ట్రేడ్ సెంటరు, చెన్నపట్టణమున రిచీ వీధి కంప్యూటరు సామగ్రికి పేరుపడినవి. ఆసక్తి గల యువకులు అచ్చటికి తీర్థయాత్రవలె పోవుదురు. మా వంటివారికి గుంటూరు బ్రాడీపేటలోనో, అరండల్‌పేటలోనో ఫోనులు బాగుచేయు కొట్టున నొక యద్దాల బీరువా, అందు ఇరువది ముప్పది పెట్టెలు: ఇదియే వీడియో ఆటల యంగడి. ఇట్టి కొట్టునకైనను పోవుట యవసరమా యని మేమును తలచితిమి. మా తలపు మాఱుటకు గారణమైన దానిని చెప్పెదము.

గత వేసవిలో మా యింట జరిగిన దిది; చెప్పుకొనుటకు సిగ్గుగనే యున్నది. పదుమూడేండ్ల మా పిల్లవాడు తండ్రి ఫోనులో, ఉచితమని వ్రాసియున్న యొక యాటను దింపుకొనెను. ఆట యుచితమే, ఆటలోని వీరుని దుస్తులకు, కత్తికి, ఏమి వచ్చునో తెలియని యదృష్టపు పెట్టెలకు మాత్రము వెల. ఒకసారి ఎనుబది రూపాయలు, ఒకసారి నూటయఱువది, ఇట్లు నెలదినములలో 4,320 రూపాయలు పోయినవి. మావారు బడిపంతులు, జీతమును లెక్కించి పంచుకొను సంసారము. ఏడాది కారమునకు, ఆవకాయకు బ్యాంకులో నిలిపియుంచిన సొమ్ము అందు గలదు. ఆ యాటవారికి మొఱపెట్టుకొనగా యంత్రము వ్రాసిన ప్రత్యుత్తరము వచ్చినదే గాని మనుష్యుడు పలుకలేదు. పిల్లవాడు "నొక్కానమ్మా, అంతే, పోయినయి" అని యేడ్చెను. మావారు ఫోనును బీరువాలో బెట్టి తాళము వేసిరి. తండ్రికొడుకులు మూడుదినములు మాటలాడుకొనలేదు. మధ్య వడ్డించుచు మేము. వానికి బుద్ధి చెప్పవలసినదే. కాని నాలుగువేలు పోయినవని తెలిసికొనుటకు నెల పట్టిన మాకును బుద్ధి రావలసియుండెను.

ఆటనే మాన్పించుట యుచితము గాదని మాకు దోచినది. మా మఱది టెక్సాసునుండి వచ్చినపుడు విడిచిపోయిన పాత ప్లేస్టేషన్ 4 యంత్రమొకటి అటకపై నుండెను. దాని కంట్రోలరు పుల్ల, తాకకయే యొకప్రక్కకు జరుగుచుండెడిది. దానిని గుడ్డలో మూటగట్టి, పిల్లవానిని వెంటబెట్టుకొని, నల్లపాడునుండి ఆటోలో బ్రాడీపేటకు బోయితిమి.

కొట్టువాడు ముప్పదియేండ్ల యువకుడు. యంత్రమును చూడగనే తీగ తగిలింపలేదు. తలక్రిందుగా త్రిప్పి క్రింద వ్రాసిన యక్షరములను జదివెను. అమెరికాలో విద్యుత్తు 120 వోల్టులు, మనకు 230. అచ్చటి యంత్రమును చూడక తగిలించిన కాలిపోవచ్చునట. మాదానిపై 100 నుండి 240 వఱకు అని యుండుటచే భయము లేదని చెప్పి, ప్లగ్గు మాత్రము మార్చెను. కంట్రోలరును మా యెదుటనే విప్పి, పుల్ల క్రింది భాగమును మార్చి, ఆడించి చూపి, 600 రూపాయలు పుచ్చుకొనెను.

ఇంతలో పిల్లవాడు తుపాకుల బొమ్మగల పెట్టె నొకదానిని వ్రేలితో జూపెను. కొట్టువాడు దానిని దీసి యీయలేదు. "అమ్మా, ఇది బాబుకు వద్దండీ. ఇదిగో ఇక్కడ పద్దెనిమిది అని ఉంది చూడండి. వాడికి నచ్చుద్ది గానీ, రాత్రిళ్ళు నిద్రపోడు" అనెను. తరువాత నొక ఫుట్‌బాలు ఆటను దీసి, "ఇది ఇద్దరు ఆడేదండీ. వాళ్ళ నాన్నగారితో ఆడమనండి" అనెను. పాత డిస్కు గావున 1,100 రూపాయలు; గీతలు పడకుండ తిరిగి తెచ్చినచో 700లకు పుచ్చుకొని వేఱొక యాట నిచ్చునట. మేము నోట్లను లెక్కించి బల్లమీద బెట్టుచుండగా పిల్లవాడు వానివైపే చూచుచుండెను. నెలలో 4,320 రూపాయలు పోయినపుడు వాడొక్క నోటునైనను చూచియుండలేదు! సొమ్ము చేతినుండి చేతికి బోవుట బిడ్డకు కనబడుట యెంత చదువో మాకప్పుడు తెలిసినది.

కొట్టువాడు చూపిన యంకెను గూర్చి తల్లు లెఱుగవలయును. మన దేశమున నమ్ముడుపోవు పెట్టెలపై తరచుగా ఐరోపావారి పెగీ గుఱుతు లుండును. 3, 7, 12, 16, 18 అను నంకెలు ఎన్నియేండ్లు నిండినవారికి దగునో చెప్పును. ఆట కష్టమా సులభమా యనుట గాదు. వెనుకప్రక్క పిడికిలి బొమ్మ యున్న కొట్లాట కలదని యర్థము. చేతిలో కార్డు పట్టుకొనిన బొమ్మ యున్న, కొన్న పిదపయు ఆటలోపల మరల సొమ్మడుగునని యర్థము. ఈ గుఱుతును 2018లో చేర్చిరి. అమెరికా పెట్టెలపై నంకెలకు బదులు అక్షరము లుండును: ఈ యన్న నందఱకు, టీ యన్న పదుమూడు నిండినవారికి, ఎమ్ అన్న పదునేడు నిండినవారికి.

అదృష్టపు పెట్టెలను గూర్చి యొక మాట. నలుని పాచికలలో ద్వాపరుడు ప్రవేశించిన కథ మన మెఱిగినదే. ఏమి వచ్చునో తెలియక సొమ్ము వేయుట యెచ్చటనున్నను జూదపు నీడయే. బెల్జియము దేశమున 2018లో నిట్టి పెట్టెలను జూదపు చట్టము క్రిందికి దెచ్చిరి. మన రాష్ట్రము 2020లో పందెపు ఆన్‌లైను ఆటలను నిషేధించెను; 2025 ఆగష్టులో కేంద్రము సొమ్ము పందెముగా నాడు ఆన్‌లైను ఆటలను దేశమంతట నిషేధించుచు చట్టము చేసెను. ఐనను ఆటలోని దుస్తులకు, కత్తులకు సొమ్ము వెచ్చించుట పందెము గాదు గావున, అందు మన జాగ్రత్తయే మనకు రక్ష.

ఇక సొంతదనమును గూర్చి. అంగడిలో గొన్న డిస్కు మనది. ఎరవీయవచ్చును, అమ్మవచ్చును, చెల్లెలి బిడ్డకు బంపవచ్చును. దింపుకొన్న యాట యట్టిది కాదు. అది ఆడుకొనుటకు మనకిచ్చిన యనుమతి మాత్రమే. ఈ సంగతిని కొనువారికి స్పష్టముగ జెప్పవలెనని కాలిఫోర్నియా రాష్ట్రమున 2024లో చట్టము చేయగా, అది 2025 జనవరి 1 నుండి అమలునకు వచ్చినది. నింటెండో తన పాత యంత్రములైన 3డీఎస్, వీ యూ లకు సంబంధించిన ఆన్‌లైను అంగడిని 2023 మార్చిలో మూసివేయగా, అందు క్రొత్తగ కొనుటకు వీలులేకపోయెను. యూబీసాఫ్ట్ వారి ది క్రూ అను కార్ల పందెపు టాట 2024 మార్చి 31న వారి సర్వరు ఆగుటతో, సొమ్మిచ్చి కొన్నవారికి గూడ నిరుపయోగమైనది. డిస్కు కొన్నవారును ఇందు నష్టపడిరి. కనుక పెట్టె చేతనున్నంత మాత్రమున నిశ్చింత లేదు. 2025 జూనులో వెలువడిన స్విచ్ 2 యంత్రమునకు వచ్చు కొన్ని కార్డులలో ఆట యుండదు. ఆటను దింపుకొనుటకు తాళపుచెవి మాత్రముండును. పెట్టెపై వ్రాసినదానిని చదువక కొనరాదు.

అంగడుల దోషములను దాచుట న్యాయము గాదు. క్రొత్త యాటలు అచ్చట నాలస్యముగ వచ్చును. పండుగ దినములలో ఆన్‌లైనున ధర తగ్గినట్లు అంగడిలో తగ్గదు. దొంగ నకళ్ళను, చిప్పు మార్చిన యంత్రములను నమ్మువారు కలరు. మేమే మఱియొక కొట్టున రెండవ కంట్రోలరును కంపెనీదని నమ్మి కొని, పదునైదు దినములకే పాఱవేసితిమి. బిల్లు తీసికొనకపోవుట మా తప్పు. మఱియు నిట్టి కొట్లలో యువకులు గుమిగూడి యుందురు. స్త్రీ వచ్చినచో "బాబును పంపండి అమ్మా, మీకు తెలీదు" అనువారును కలరు. దానికి వెనుదీయరాదు. పట్టుచీర నేతను వ్రేలితో దడవి చెప్పగల మనకు, ఈ పెట్టెమీది నాలుగు గుఱుతులు తెలియకపోవునా?

కావున మా యభిప్రాయ మిది. ధర యొక్కటియే చూచువారికి, ఎప్పటికప్పుడు క్రొత్తది కోరువారికి అంగడి యక్కఱ లేదు. పెరుగుచున్న బిడ్డలు గల యింటికి మాత్రము, మంచి కొట్టువాడు దొరకినచో, అంగడి యిప్పటికిని పోదగిన చోటే. పోవునపుడు బిడ్డను వెంట గొనిపోవుడు. ఏండ్ల యంకెను, కార్డుపట్టిన చేతి గుఱుతును, దింపుకొనవలసిన దేమైన గలదో దానిని చూచికొనుడు. పాత డిస్కును వెలుతురున బట్టి గీతలు చూడుడు. యంత్రమును, కంట్రోలరును అక్కడనే ఆడించి చూడుడు. జీఎస్టీ బిల్లు, గడువు కాగితము తీసికొనుడు. తిరిగి పుచ్చుకొను ధరను ముందే మాటాడుకొనుడు. ఇంటికడ ఫోనులో కొనుగోలునకు రహస్యసంఖ్య పెట్టి, దానిని బిడ్డకు దెలియనీయకుడు.

మా యింట ఫుట్‌బాలు ఆట రెండునెలలు నడచినది. మావారు తొలుత గంభీరముగ గూర్చుండి, పిదప ప్రతిదినము ఓడిపోయి, ఆదివారములు పట్టుదలతో నాడిరి. తరువాత నొకదినము పిల్లవాడు డిస్కును పెట్టెలో బెట్టుకొని, తానొక్కడే ఆటోలో బ్రాడీపేటకు బోయెను. సాయంకాలమునకు వేఱొక డిస్కును, బిల్లును, మిగిలిన నూటయిరువది రూపాయలను దెచ్చి, మే మడుగకయే మా చేతిలో బెట్టెను. పెట్టెమీద 7 అని యుండెను. ఆ యంకెను వాడే మాకు జూపెను.