బాబా యగా: మంత్రగత్తెయా, ముసలి స్త్రీయా?

రష్యా జానపద కథలలో బాబా యగా కోడికాళ్లపై నిలిచిన గుడిసెలో నివసించు మంత్రగత్తె. ఇక్కడ "బాబా" అనగా ముసలమ్మ. మనమెరిగిన బాబా కాదు. 19వ శతాబ్దములో అఫనాస్యెవ్ ప్రచురించిన వసిలీస కథలో, సవతితల్లి కూతుళ్లు నిప్పు కొరకు పంపిన పిల్లను ఆమె తినలేదు. పని చేయించుకొనెను. తల్లి ఆశీర్వాదమే తనకు తోడని పిల్ల చెప్పగా, మండుచున్న కపాలమిచ్చి పంపివేసెను. ఆ నిప్పు సవతితల్లిని కాల్చివేసెను.

ఈమె నిజముగా దుష్టురాలేనా అని స్త్రీవాద రచయిత్రులు ప్రశ్నించుచున్నారు. క్రొయేషియా రచయిత్రి దుబ్రావ్కా ఉగ్రెషిచ్ నవల (ఆంగ్లానువాదము 2009) మాటలు మరచిపోవుచున్న ఒక వృద్ధమాతతో ప్రారంభమగును. ఎవరికీ అక్కరలేని ముసలితనమునకే సమాజము మంత్రగత్తె అని పేరు పెట్టెనని ఈ రచనల వాదన. దీనిని మేము అంగీకరింతుము. అయితే ఆమెను కేవలము మంచి అవ్వగా మార్చుటను అంగీకరింపము. వసిలీస చూచిన కంచె మనుష్యుల ఎముకలదే.